బైకు వెనుక చక్రానికి కారు టైరు: అరుగుదల లెక్క వేరు, వాన రోడ్డు లెక్క వేరు

అమెరికాలో హోండా గోల్డ్‌వింగ్ వంటి భారీ టూరింగ్ బైకుల మీద ఏటా వేల కిలోమీటర్లు తిరిగేవారిలో కొందరు, వెనుక టైరు అరిగిపోగానే దాని స్థానంలో మరో బైకు టైరు కాకుండా కారు టైరు వేయించుకుంటారు. ఈ పనికి వారు పెట్టుకున్న పేరు డార్క్ సైడ్. అలా మారినవారు డార్క్‌సైడర్లు. బండి చేసినవారూ, టైరు చేసినవారూ వద్దన్న పనే చేస్తున్నామన్న ఎరుక ఆ పేరులోనే ఉంది. వారు ఆశించే ప్రధాన లాభం మన్నిక, ఆ విషయంలో వారి మాట నిజమే. చిక్కల్లా మన్నికను చూసి నమ్మిన టైరును వానలోనూ అంతే నమ్మడంలో ఉంది. బైకు కింద కారు టైరు ఎందుకు నెమ్మదిగా అరుగుతుందో చెప్పే కారణాల్లో కొన్ని, నీళ్లు నిలిచిన రోడ్డు మీద అది ఎందుకు ముందుగా పట్టు వదులుతుందో కూడా చెబుతాయి.

ఈ అలవాటు గోల్డ్‌వింగ్ చుట్టూ పెరగడానికి మొదటి కారణం కొలతలు. 2001 మోడల్‌గా వచ్చిన గోల్డ్‌వింగ్ జీఎల్1800 వెనుక టైరు సైజు 180/60ఆర్16. అంటే వెడల్పు 180 మి.మీ., పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, రిమ్ము 16 అంగుళాలు. లెక్క కడితే దాని వ్యాసం సుమారు 622 మి.మీ. వస్తుంది. కార్లకు వాడే 195/55ఆర్16 టైరు వ్యాసం సుమారు 621 మి.మీ. రెండూ దాదాపు సమానం కాబట్టి స్పీడోమీటరు లెక్క తప్పదు, గేర్ల తీరు మారదు, బండి ఎత్తు మారదు. సన్నటి చక్రాల బైకులకు దొరకని ఈ అవకాశం దీనికి దొరికింది.

రెండో కారణం బరువు. సుమారు 400 కిలోల బండి మీద ఇద్దరు మనుషులు, మూడు పెట్టెల సామాను ఎక్కితే వెనుక టైరు తన గరిష్ఠ సామర్థ్యానికి దగ్గరగా పనిచేస్తుంది. టైరు పక్కన సైజు తరువాత ఉండే లోడ్ ఇండెక్స్ అంకె ఆ సామర్థ్యాన్ని చెబుతుంది. గోల్డ్‌వింగ్ వెనుక టైరు మీద ఉండే 74 అంటే 375 కిలోలు. పైన చెప్పిన కారు టైరు మీద సాధారణంగా కనిపించే 87 అంటే 545 కిలోలు. బండి నిండా సామాను కట్టి ఎండాకాలం హైవే మీద రోజంతా నడిపే మనిషికి ఈ 170 కిలోల తేడా పెద్ద భరోసాగా కనిపించడం సహజం. ఈ తేడాకు మరో ముఖం కూడా ఉంది. అది నీళ్ల దగ్గర బయటపడుతుంది.

బైకు టైరు త్వరగా అరగడానికి దాని ఆకారమే చాలావరకు కారణం. కారు నాలుగు చక్రాల మీద నిటారుగా తిరుగుతుంది. బైకు పక్కకు వాలి తిరుగుతుంది. వాలినా రోడ్డును తాకే భాగం ఒకే తీరుగా ఉండాలంటే టైరు అడ్డుకోత గుండ్రంగా ఉండాలి. అలా ఉన్నప్పుడు నిటారుగా సాగే హైవే ప్రయాణంలో నడుమ ఉన్న సన్నటి పట్టీ ఒక్కటే రోడ్డును తాకుతుంది. ఇంజిను శక్తి మొత్తం ఆ పట్టీ గుండానే రోడ్డుకు చేరుతుంది. పైగా ఆ పట్టీ నడిబొడ్డుకూ దాని అంచులకూ చుట్టుకొలతలు వేరు. ఒకే చక్రం మీద రెండు చుట్టుకొలతలు ఒకే వేగంతో తిరిగినప్పుడు రబ్బరు కొద్దికొద్దిగా రోడ్డుకు రాసుకుంటూనే ఉంటుంది. వాలినప్పుడు జారకుండా పట్టుకోవాలి కాబట్టి రబ్బరు మిశ్రమం కూడా మెత్తగా ఉంటుంది. ఇన్ని కలిసి, వెనుక టైరు 15,000 నుంచి 20,000 కి.మీ. లోపే నడుమ చదునై, భుజాలు మాత్రం కొత్తగా మిగిలిపోయే స్థితికి వస్తుందని ఈ బండ్లు నడిపేవారు చెబుతారు. కారు టైరుతో 30,000 నుంచి 50,000 కి.మీ. దాకా వెళ్లామని అదే మనుషులు చెబుతారు.

కారు టైరు మన్నికకు సాక్ష్యంగా చాలామంది చూపేది దాని పక్కన అచ్చయి ఉండే ట్రెడ్‌వేర్ అంకె. అమెరికాలో ప్యాసింజర్ కార్ల టైర్లకు ఇది తప్పనిసరి. టెక్సాస్‌లోని శాన్ యాంజెలో చుట్టుపక్కల నిర్ణీత రహదారి మీద కార్ల వరుసను 7,200 మైళ్లు, అంటే సుమారు 11,600 కి.మీ., నడిపించి, అదే వరుసలో నడిచిన ప్రామాణిక టైరుతో అరుగుదలను పోల్చి ఈ అంకె ఇస్తారు. ప్రామాణికం 100 అయితే 300 వచ్చిన టైరు ఆ పరీక్షలో దానికి మూడింతలు మన్నేది అన్నమాట. ఆ అంకె ఒక కారు బరువు కింద, నాలుగు చక్రాలు నిటారుగా తిరుగుతుండగా వచ్చింది. బైకు టైర్లకు ఈ గ్రేడింగు అసలు వర్తించదు. కాబట్టి రెండింటినీ ఒకే కొలబద్ద మీద పెట్టి పోల్చే అంకె ఏదీ టైరు మీద దొరకదు.

మన్నిక ఎక్కువైన కొద్దీ వయసు ప్రశ్న కూడా వస్తుంది. ఏడాదికి 6,000 కి.మీ. నడిపే మనిషి బండికి 45,000 కి.మీ. మన్నే టైరు వేస్తే అది ఏడున్నరేళ్లు ఉంటుంది. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ కలిసి రబ్బరును ఏటికేడు గట్టిపరుస్తాయి. గట్టిపడిన రబ్బరు పొడి రోడ్డు మీద పెద్దగా తేడా చూపకపోవచ్చు గానీ, తడిసిన రోడ్డు గరుకులోకి ఒదిగి పట్టుకునే గుణం ముందు తగ్గుతుంది. గాడుల్లో ఇంకా లోతు ఉంది కదా అని అలాగే నడపడం అందువల్ల సరైన కొలమానం కాదు. టైరు పక్కనున్న నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్నీ, చివరి రెండూ సంవత్సరాన్నీ చెబుతాయి. గాడి లోతుతో పాటు ఆ అంకెల్ని కూడా చూడాలి.

నీటి దగ్గరికి వస్తే, ముందు రెండు వేర్వేరు సంగతుల్ని విడదీయాలి. రోడ్డు తడిసి ఉండటం ఒకటి. రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉండటం మరొకటి. సన్నటి తడి పొర మీద పట్టును ప్రధానంగా నిర్ణయించేవి రబ్బరు మిశ్రమం, ట్రెడ్ (రోడ్డును తాకే రబ్బరు పైపొర) మీది సన్నటి చీలికలు, రోడ్డు గరుకుదనం. కొన్ని మిల్లీమీటర్ల నీరు నిలిచినప్పుడు నిర్ణయించేవి వేగం, గాలి ఒత్తిడి, గాడుల లోతు, టైరు రోడ్డు మీద వేసే అచ్చు ఆకారం. కారు టైరును సమర్థించేవారు మొదటి సంగతికి చెందిన సాక్ష్యాలు చూపి రెండో సంగతిలోనూ భద్రత ఉందని అనుకుంటారు. ఈ పొరపాటు చాలా మామూలుగా జరుగుతుంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది.

నిలిచిన నీటి మీద టైరు తేలిపోవడాన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. చక్రం ముందున్న నీటిని పక్కలకు నెట్టేందుకు వ్యవధి చాలనప్పుడు ఆ నీటిలో ఒత్తిడి పెరిగి, టైరును రోడ్డు నుంచి పైకి లేపుతుంది. విమానాల టైర్ల మీద ప్రయోగాలు చేసి 1963లో నాసా పరిశోధకులు వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ దీనికి ఒక సులభమైన సూత్రం ఇచ్చారు: టైరులోని గాలి ఒత్తిడిని పి.ఎస్.ఐ.లో (చదరపు అంగుళానికి పౌండ్లలో) తీసుకుని వర్గమూలం కట్టి, దాన్ని 10.35తో గుణిస్తే మైళ్లలో, సుమారు 16.65తో గుణిస్తే కిలోమీటర్లలో, టైరు తేలే వేగం గంటకు ఎంతో వస్తుంది. గాడులు తోడివేయలేనంత నీరు ఉన్నప్పుడే ఇది వర్తిస్తుంది. గోల్డ్‌వింగ్ వెనుక టైరుకు చెప్పిన 41 పి.ఎస్.ఐ. దగ్గర ఇది గంటకు 107 కి.మీ. అవుతుంది. వాలినప్పుడు కారు టైరు అంచు కాస్త మెత్తగా ఒదగాలని గాలి తగ్గించి 28 పి.ఎస్.ఐ. దగ్గర నడిపితే అదే లెక్క 88 కి.మీ.కు పడిపోతుంది. హైవే మీద వానలో ఈ రెండు వేగాల మధ్యనే చాలా బండ్లు నడుస్తాయి.

అయితే ఒత్తిడి ఒక్కటే చాలదని తరువాత తేలింది. అమెరికాలో తడి రోడ్ల మీద ఖాళీ లారీలు అదుపు తప్పడం పరిశోధకుల దృష్టికి వచ్చింది. లారీ టైర్లలో గాలి ఎంతో ఎక్కువ. పాత సూత్రం ప్రకారం అవి హైవే వేగాల్లో తేలకూడదు. 1980లలో హార్న్ చూపిన కారణం ఇది: నిండు బరువు ఉన్నప్పుడు టైరు అచ్చు పొడవుగా ఉంటుంది, బరువు దించేసినప్పుడు ట్రెడ్ వెడల్పు అంతే ఉండి అచ్చు పొడవు మాత్రం కుంచించుకుపోతుంది. పొట్టిగా, వెడల్పుగా మారిన అచ్చు కింది నుంచి నీరు పక్కకు తప్పుకోలేదు. ఆ వాదనను టెక్సాస్‌లో చేసిన ప్రయోగాలు నిర్ధారించాయి. బైకు వెనుక కారు టైరు సంగతిని అర్థం చేసుకోవడానికి ఖాళీ లారీ కన్నా దగ్గరి ఉదాహరణ లేదు. 545 కిలోలు మోయగల టైరు మీద ఒంటరి రైడరు ఉన్నప్పుడు పడేది అందులో సగం లేదా అంతకన్నా కొంచెం తక్కువ. మోయగల శక్తి ఎక్కువగా ఉండటం వేడి విషయంలో మేలు, అరుగుదల విషయంలో మేలు. నిలిచిన నీటి విషయంలో మాత్రం ఆ టైరు ఎప్పుడూ ఖాళీ లారీ చక్రమే.

ఒక ఉజ్జాయింపు లెక్క వేస్తే తేడా కళ్లకు కడుతుంది. వెనుక చక్రం మీద 250 కిలోల బరువు, టైరులో 41 పి.ఎస్.ఐ. గాలి ఉన్నాయనుకుంటే, బరువును ఒత్తిడితో భాగిస్తే అచ్చు వైశాల్యం సుమారు 87 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. పక్క గోడల బిగువును పక్కన పెడితే బైకు టైరుకైనా, కారు టైరుకైనా ఇది ఒకటే. వెడల్పు టైరు వేస్తే రోడ్డును తాకే వైశాల్యం ఎక్కువవుతుందన్న నమ్మకం ఈ కారణంగానే సరికాదు. ఒత్తిడి మారకపోతే ఆకారమే మారుతుంది. కారు టైరు అచ్చు 16 సెం.మీ. వెడల్పు ఉంటే పొడవు ఐదున్నర సెంటీమీటర్లకు మించదు. బైకు టైరు అచ్చు 8 సెం.మీ. వెడల్పు ఉంటే పొడవు 11 సెం.మీ. లేదా ఆపైన ఉంటుంది. మొదటిది పార పలకలా నీటిని అడ్డంగా నెడుతుంది. రెండోది పడవ ముక్కులా చీల్చుకు వెళుతుంది.

తోడాల్సిన నీటి పరిమాణమూ అలాగే పెరుగుతుంది. రోడ్డు మీద 2 మి.మీ. నీరు ఉండి, బండి గంటకు 100 కి.మీ. వేగంతో వెళుతుంటే, 8 సెం.మీ. వెడల్పు అచ్చు సెకనుకు సుమారు నాలుగున్నర లీటర్ల నీటిని తప్పించాలి, 16 సెం.మీ. వెడల్పు అచ్చు దాదాపు తొమ్మిది లీటర్లు తప్పించాలి. కారు టైరులో చుట్టూ తిరిగే లోతైన గాడులు ఆ పని చాలావరకు చేస్తాయి, అదీ కొత్తలో. అరిగిన కొద్దీ ఆ సామర్థ్యం కరిగిపోతుంది. అమెరికా ప్రమాణాల్లోనూ, మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనూ బైకు టైరుకు మిగలాల్సిన కనీస లోతు 0.8 మి.మీ., కారు టైరుకు 1.6 మి.మీ. చదునైన టైరుకు ఎక్కువ లోతు అడగడం ఈ దృష్టితో చూస్తే సహేతుకంగానే ఉంది. బైకు మీద వేసిన కారు టైరును బైకు కొలతతో అరగదీయడం ఎంతమాత్రమూ తగదు.

మరో సంగతి తరచూ మరుగున పడుతుంది. కారులో వెనుక టైరు, ముందు టైరు ఒకే వెడల్పున, ఒకే దారిలో వెళతాయి. ముందుది నీటిని చాలావరకు తొలగించిన దారి వెనుకదానికి దొరుకుతుంది. గోల్డ్‌వింగ్ ముందు టైరు 130 మి.మీ. వెడల్పున్న గుండ్రటి బైకు టైరు. దాని అచ్చు సన్నటి చాలు మాత్రమే తీస్తుంది. వెనుకనున్న చదును టైరు ఆ చాలుకు ఇరువైపులా, ఎవరూ తొలగించని నీటిలోకి తన అంచులతో దిగుతుంది. లారీలు తిరిగి గుంట పడిన చక్రాల జాడల్లో నీరు ఒకవైపు లోతుగా, ఒకవైపు పలుచగా ఉన్నప్పుడు టైరు ఎడమ అంచుకూ కుడి అంచుకూ వేర్వేరు లాగుడు తగులుతుంది. గుండ్రటి టైరుకు ఈ బాధ చాలా తక్కువ.

ఇక తడి రోడ్డు గ్రేడు. కారు టైరు మీద ట్రాక్షన్ ఏఏ అనో, ఏ అనో ఉండటాన్ని చూపి, బైకు టైరుకు ఇలాంటి హామీ ఏదని అడిగేవారున్నారు. ఆ గ్రేడు తడిపిన తారు మీద, తడిపిన కాంక్రీటు మీద తిన్నగా బ్రేకు వేసి కొలిచినది. మలుపులో పట్టు, వేగం అందుకునేటప్పటి పట్టు, హైడ్రోప్లేనింగ్ అందులో చేరవని ఆ నిబంధనలోనే స్పష్టంగా రాసి ఉంది. పైగా బైకు మీద గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకు పోతుంది. ఆపే పనిలో పెద్ద వాటా ముందు టైరుది. అక్కడ ఉన్నది బైకు టైరే. వెనుక టైరు తిన్నటి బ్రేకింగులో సాధించిన గ్రేడు బైకును ఆపడంలో ఎంత ఉపయోగపడుతుందో దీన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు.

మలుపులో పరిస్థితి మరీ భిన్నం. గంటకు 60 కి.మీ. వేగంతో 60 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరగాలంటే బైకు సుమారు 25 డిగ్రీలు వాలాలి. బైకు టైరు వాలినప్పుడు అచ్చు నడుమ నుంచి పక్కకు మెల్లగా జరుగుతుంది. కారు టైరు వాలినప్పుడు లోపలి భుజం మీద బరువంతా పడి, అవతలి వైపు ట్రెడ్ రోడ్డును వదలడం మొదలుపెడుతుంది. అంటే నీటిని తోడేందుకు నడుమ తీర్చిన లోతైన గాడుల్లో కొన్ని సరిగ్గా అవసరమైన వేళకు గాలిలో ఉంటాయి. భుజం మీద ఆనిన చదును టైరు బండిని మళ్లీ నిటారుగా నిలబెట్టే వైపు తోస్తుంది కాబట్టి మలుపు పొడవునా హ్యాండిల్‌ను నొక్కి పట్టి ఉంచాలి. కొద్దిరోజుల్లో చేతులకు అలవాటవుతుందని రైడర్లు అంటారు, అలవాటవుతుంది కూడా. కానీ వానలో ఎదురుగా కుక్కో, గుంటో వచ్చినప్పుడు ఒక్క క్షణంలో ఇటు వంచి, అటు లేపాల్సిన బండి ఆలస్యంగా స్పందిస్తే, అలవాటుకు ఆ ఆలస్యాన్ని తీసివేసే శక్తి లేదు. తెల్ల గీతల మీద, వంతెన ఇనుప అతుకుల మీద, కంకర తేలిన చోట ఒకే భుజం మీద బరువు ఉండటం మరింత సున్నితమైన విషయం.

కారు టైరుకు తడిలో ఉన్న నిజమైన బలాలను కూడా చెప్పాలి. సిలికా కలిసిన మిశ్రమం, వందల సన్నటి చీలికలు ఉన్న కారు టైరు, నిటారుగా నడిచే బండి కింద, పలుచటి తడి మీద, చల్లటి ఉదయాల్లో బాగా పట్టుకుంటుంది. వానలో బుద్ధిగా, పెద్దగా వాలకుండా నడిపే మనిషికి ఆ అనుభవమే ఎక్కువగా ఎదురవుతుంది, కాబట్టి వారు చెప్పేది అబద్ధం కాదు. రన్‌ఫ్లాట్ రకం వేసుకున్నవారికి మరో మేలుంది: గట్టి పక్క గోడల వల్ల పంక్చరైనా టైరు ఒక్కసారిగా చతికిలపడదు. రాత్రి వానలో, నూరు కిలోమీటర్ల వేగంలో బైకు వెనుక టైరు గాలి పోవడం ఎంత భయంకరమో తెలిసినవారెవరూ ఆ లాభాన్ని తేలిగ్గా తీసుకోరు. కానీ ఇన్నేళ్లుగా ఏమీ కాలేదన్న మాటను పరీక్షా ఫలితంగా తీసుకోలేం. హైడ్రోప్లేనింగ్ కొద్దికొద్దిగా హెచ్చరిస్తూ వచ్చేది కాదు. వేగం, నీటి లోతు, అరుగుదల ఒకే చోట కలిసిన రోజు వరకు టైరు ఎప్పటిలాగే మంచిదనిపిస్తుంది.

రిమ్ము విషయం కొంచెంలో చెప్పవచ్చు. కారు రిమ్ముకూ బైకు రిమ్ముకూ అంగుళాల అంకె ఒకటే అయినా, టైరు అంచు కూర్చునే గద్దె ఆకారం, కొలత రెండింటికీ వేరు. అంచు సరిగా కూర్చోలేదని కంప్రెసర్‌తో గాలి పెంచుకుంటూ పోతే టైరు పేలే ప్రమాదముంది. కూర్చున్నట్టు కనిపించి తరువాత పక్కకు లాగినప్పుడు అంచు జారే ప్రమాదమూ ఉంది. తయారీదారుల హెచ్చరికల్లో మొదటి మాట దీని గురించే.

చదును టైరు వాలని బండికి సరైనదే. సైడ్‌కార్ బిగించిన బైకు వాలదు, నిటారుగా తిరుగుతుంది. యూరప్‌లో అలాంటి బండ్లకు కారు చక్రాలు, కారు టైర్లు వేయడం ఎప్పటినుంచో ఉన్న పని. మూడు చక్రాల క్యాన్-యామ్ స్పైడర్‌కు కంపెనీయే చదును టైర్లు ఇస్తుంది. వాలే బండి కింద పెట్టినప్పుడే ఆ టైరుకు తనది కాని పని పడుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రోడ్ల మీద నడిచే బైకుల్లో అత్యధిక భాగానికి ఈ మార్పిడి సాధ్యమే కాదు. 80/100-18 వంటి సన్నటి టైర్లు కూర్చునే రిమ్ముల మీద ఏ కారు టైరూ ఎక్కదు. భారతీయ ప్రమాణాలు కూడా రెండింటినీ వేరుగానే చూస్తాయి: ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు ఐఎస్ 15627, కార్ల టైర్లకు ఐఎస్ 15633. అయినా అచ్చు ఆకారం గురించి పైన చెప్పిన సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. చూడటానికి బాగుంటుందని కంపెనీ చెప్పిన సైజు కన్నా రెండు మెట్లు వెడల్పు టైరును పాత రిమ్ముకే వేయించేవారు, జూన్‌లో తొలకరి పడి దుమ్మూ నూనే కలిసిన జిగురు రోడ్డు మీదికి వచ్చిన రోజున ఆ వెడల్పు పట్టును పెంచుతుందని అనుకుంటారు. ఇరుకు రిమ్ములో నొక్కుకుపోయిన టైరు గుండ్రదనం చెడిపోతుంది, తేలికపాటి బండి కింద ఆ వెడల్పుకు చాలినంత బరువూ ఉండదు.

అమెరికాలో స్థిరపడి పాత గోల్డ్‌వింగ్ కొనే తెలుగువారికి మాత్రం ఇది నేరుగా ఎదురయ్యే ప్రశ్న. అమ్మేవారు ట్రెడ్ ఇంకా సగానికి పైగా ఉందని చూపించే వెనుక టైరు కారు టైరు కావచ్చు. టైరు అడ్డుకోత గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా అన్నది వెనుక నిలబడి చూస్తే తెలిసిపోతుంది. సైజులో 195/55 అని, లోడ్ ఇండెక్స్ 80ల్లో ఉంటే సందేహం అక్కర్లేదు. ఆ బండినే కొని, టైరు మార్చేవరకు కొన్నాళ్లు నడపక తప్పదనుకుంటే, గాడి లోతును నడుమ ఒకచోట, రెండు భుజాల మీద రెండుచోట్ల కొలవాలి, తయారైన ఏడు చూడాలి, మలుపుల్లో ఒదుగుతుందన్న కారణంతో గాలి తగ్గించకూడదు. నీళ్లు నిలిచిన హైవే మీద వేగాన్ని గంటకు 80 కి.మీ.కు బాగా దిగువన ఉంచాలి. ఒంటరిగా, సామాను లేకుండా వెళ్లే రోజున, అంటే వెనుక చక్రం మీద బరువు అన్నిటికన్నా తక్కువగా ఉన్న రోజున, ఇంకా తగ్గించాలి.

బైకు టైరు మన్నికలోనూ గత ఇరవై ఏళ్లలో మార్పు వచ్చింది. నడుమ గట్టి రబ్బరు, భుజాల్లో మెత్తటి రబ్బరు పెట్టిన టూరింగ్ టైర్లు ఇప్పుడు మామూలయ్యాయి. 2011లో మిషెలిన్ పైలట్ రోడ్ 3తో, కారు టైర్లలో ఉండే తరహా సన్నటి చీలికలు గుండ్రటి బైకు టైరులోకి కూడా వచ్చాయి. అవి కారు టైరంత దూరం నడవవు. ఒక కారు టైరు మన్నే కాలంలో రెండో మూడో బైకు టైర్లు కొనాల్సి వస్తుంది, విప్పి బిగించే కూలీ కూడా అన్నిసార్లు పడుతుంది. ఆ ఖర్చుకు బదులుగా, 45,000 కిలోమీటర్లలో రెండు మూడు సార్లు ఆ చక్రానికి కొత్త రబ్బరు, పూర్తి లోతున్న గాడులు వస్తాయి.